ప్రధానపు ఉంగరంలో రవ్వ కొంటున్నారా?



ప్రధానానికి ఒక బంగారు ఉంగరం చాలనుకునే ఇళ్ళలో కూడా ఇప్పుడు "రవ్వ ఉంగరం పెట్టాలి" అనే మాట వినబడుతోంది. పెట్టవద్దని నేను చెప్పను. అయితే కష్టపడి కూడబెట్టిన డబ్బుకు సరియైన వస్తువు ఇంటికి రావాలి గదా!

మా సంఘంలో ఒక రైతు సోదరుడు మిరప పంట మీద వచ్చిన దానికి కొంత వడ్డీకి తెచ్చి కలిపి, పెద్ద కుమారుని ప్రధానానికి ఉంగరం కొన్నాడు. "అర క్యారెట్ వజ్రం, అయ్యగారూ" అని ఎంతో సంతోషంగా చూపించాడు. దానిని చేతపట్టి ప్రార్థన చేసింది నేనే. నాకూ ఏమీ తెలియలేదు. కొన్నాళ్ళకు పట్నం నుండి వచ్చిన బంధువు భూతద్దం పెట్టి చూస్తే అది ఒక రాయి కాదు, పువ్వులా దగ్గరగా పొదిగిన 7 చిన్న రాళ్ళు. ఒక్కొక్కటి 7 సెంట్లు, కలిపితే 49. బిల్లులో అబద్ధం లేదు, "వజ్రాలు 0.49 క్యారెట్" అనే ఉంది. ధర మాత్రం ఒంటి రాయికి వేసినట్టే వేశారు.

ఇక్కడే చాలామంది మోసపోతారు. బంగారంలో క్యారెట్ అంటే స్వచ్ఛత, వజ్రంలో క్యారెట్ అంటే బరువు. ఒక క్యారెట్ 200 మిల్లీగ్రాములు, అందులో నూరవ వంతు ఒక సెంటు. బంగారం రెండు గ్రాములైతే ధర రెండింతలు. వజ్రం అలా కాదు. రాయి పెద్దదయ్యే కొద్దీ క్యారెట్ రేటే పెరిగిపోతుంది. అందుచేత 50 సెంట్ల ఒంటి రాయి ధర వేరు, 50 సెంట్లు తూగే చిన్న రాళ్ళ ధర వేరు. రెండవది చాలా తక్కువ ఉండాలి. "మొత్తం ఎంత బరువు?" అని కాదు, "ఎన్ని రాళ్ళు? పెద్ద రాయి ఎన్ని సెంట్లు?" అని అడగండి. సరిగ్గా 50 దగ్గర, 100 దగ్గర రేటు ఒక్కసారిగా ఎక్కుతుంది. 46 సెంట్ల రాయి వేలికి పెడితే 50 సెంట్ల దానికి తేడా ఎవరికి కనబడుతుంది?

రంగుకు డి నుండి జెడ్ వరకు అక్షరాలు వేస్తారు. డి అంటే ఏ రంగూ లేనిది, అత్యంత ఖరీదైనది. పసుపు బంగారంలో పొదిగినప్పుడు జె రంగు రాయి కూడా తెల్లగానే కనబడుతుంది. లోపలి మచ్చలు కంటికి ఆనకపోతే చాలు. డబ్బు పెట్టదగినది కోత మీద, ఎందుకంటే మెరుపు అందులో నుండే వస్తుంది.

హాల్‌మార్క్ ఉంది గదా అని ధీమా పడవద్దు. అది బంగారానికి మాత్రమే సాక్ష్యం, రాయికి కాదు. రవ్వ ఉంగరాలు ఎక్కువగా 18 క్యారెట్ల బంగారంతో చేస్తారు, ముద్ర 750 అని ఉంటుంది. దానికి 22 క్యారెట్ల రేటు వేశారేమో చూసుకోండి. ముద్ర పక్కన ఉండే ఆరక్షరాల హెచ్‌యుఐడి సంఖ్యను బిఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అసలుదో కాదో తెలుస్తుంది. ఇంట్లో పిల్లలు చూసి పెడతారు. రాయికి వేరే సర్టిఫికెట్ ఉండాలి. చాలా ఒంటి రాళ్ళ అంచున ఆ సర్టిఫికెట్ సంఖ్య సన్నగా చెక్కి ఉంటుంది. భూతద్దం ఇమ్మని అడగడానికి సిగ్గుపడకండి.

ప్రయోగశాలలో పెంచిన వజ్రాలు కూడా వచ్చాయి. అవీ వజ్రాలే, కంటితో తేడా చెప్పలేము. ధర మాత్రం గనిలో తీసిన దానిలో కొద్ది వంతే. కొనడంలో తప్పు లేదు. గని రాయి ధర పెట్టి కొంటేనే నష్టం. అమెరికన్ డైమండ్ అని అమ్మేది అసలు వజ్రమే కాదు.

బంగారం నికర బరువు, రాళ్ళ లెక్క, క్యారెట్ రేటు, మజూరీ, పన్ను విడివిడిగా రాసిన బిల్లే తీసుకోండి. తిరిగి ఇస్తే రాయికి ఎంత ఇస్తారో కూడా దాని మీదే రాయించండి. నోటి మాటలు కౌంటరు దాటవు. ఇంకొక మాట: రేపు అవసరం వచ్చి బ్యాంకులో కుదువ పెడితే బంగారానికే అప్పు ఇస్తారు, రాయిని లెక్కలోకి తీసుకోరు. అందుకే వడ్డీకి తెచ్చిన డబ్బుతో రవ్వ కొనడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు. ఈ సంగతి ఆ సోదరునితో ముందే చెప్పవలసిన వాడిని.

ఆయన రెండవ కుమారుని ప్రధానం వచ్చే నెలలో ఉంది. ఈసారి దుకాణానికి నన్నూ రమ్మన్నాడు. మా అబ్బాయి స్కూలు సంచిలో భూతద్దం ఒకటి ఉంది, అది తీసుకొని వెళ్తున్నాను.