పాత ట్రాక్టరుకు కొత్త బ్యాటరీ: దమ్ముకు ముందే తేల్చుకుందాం

ధవళేశ్వరం నుంచి కాలవలకు నీళ్లు వదిలితే చాలు, వారం పది రోజుల్లో డెల్టా అంతా ఒక్కసారే దమ్ములో పడుతుంది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు కలిపి పది లక్షల ఎకరాల పైచిలుకు ఆయకట్టు. దాళ్వా కోతల తర్వాత షెడ్డులోనో చెట్టు కిందో నిలబెట్టిన ట్రాక్టరుకు ఆ రోజే మళ్లీ తాళం తిప్పుతాం. సెల్ఫ్ తిరగదు. బాడుగ ట్రాక్టరు కోసం కాచుకున్న కౌలు రైతుకు వంతు తప్పుతుంది. శివారు చేలో నీరు దిగిపోతుంది, ఆకుమడి ముదురుతుంది. ఆ కంగారులో పట్నం పరుగెత్తి, కొట్టువాడు ఏది చూపిస్తే అదే తెచ్చుకుంటాం. అవసరం మెడ మీద ఉన్నవాడికి బేరం ఆడే వీలుండదు. అందుకే ఈ పని మే నెలలోనే తేల్చుకోవాలని సంఘం చెబుతోంది.

ముందు తప్పు బ్యాటరీదేనా అని చూడాలి. పల్లెల్లో ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర ఉండే మల్టీమీటరు చాలు. పూర్తిగా చార్జి పెట్టి, రాత్రంతా వదిలేసి, ఉదయం కొలిస్తే 12.6 వోల్టులకు అటూ ఇటూగా చూపాలి. 12.2 ఉంటే సగమే ఉన్నట్టు. 12కు తక్కువైతే బ్యాటరీ చార్జి నిలుపుకోవడం లేదని అర్థం. ఇంజను కాస్త రేజ్ చేసినప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య చూపాలి. అలా పెరగకపోతే లోపం డైనమోలోనో, ఆల్టర్నేటరులోనో, రెగ్యులేటరులోనో, జారుతున్న బెల్టులోనో ఉంటుంది. అది బాగు చేయించకుండా కొత్త బ్యాటరీ పెడితే నాలుగు రోజుల్లో అదీ దిగిపోతుంది. సెల్ఫుకు వెళ్లే లావు వైరు, ఛాసిస్‌కు బిగించిన ఎర్త్ బోల్టు కూడా విప్పి తుప్పు గీకి చూడాలి. బురదలో తిరిగే బండికి అక్కడ తుప్పు పట్టడం మామూలే. సముద్రం వైపు ఊళ్లలో ఉప్పుగాలికి అది ఇంకా ఎక్కువ.

బ్యాటరీయే పోయిందని తేలాక ఏది కొనాలి? పేరు కంటే ముందు లెక్క చూడాలి. మన దగ్గర తిరిగే పాత ట్రాక్టర్లు, అంటే 35 నుంచి 50 హార్స్ పవర్ బండ్లు, ఎక్కువగా 12 వోల్టుల మీద 75 నుంచి 100 ఆంపియర్ అవర్ మధ్య బ్యాటరీ అడుగుతాయి. బండితో వచ్చిన పుస్తకంలో ఆ అంకె ఉంటుంది. పుస్తకం పోతే పాత బ్యాటరీ మీద చదవండి. అంతకు తక్కువది కొనకూడదు. డీజిలు ఇంజనును సెల్ఫ్ బలంగా తిప్పాలి, ఆ తిప్పే క్షణంలో బ్యాటరీ మీద భారం చాలా ఎక్కువ. మరీ పెద్దది కొన్నా ఉపయోగం లేదు. పెట్టెలో కూర్చోదు, కట్టు సరిగా బిగియదు, డబ్బు దండగ. పొడవు, వెడల్పు, ఎత్తు, ప్లస్ టెర్మినల్ ఏ వైపు ఉందో కాగితం మీద రాసుకుని వెళ్లాలి.

ఇంట్లో ఇన్వర్టరు బ్యాటరీ ఉంది కదా అని దాన్నే బిగించేవాళ్లున్నారు. అది నెమ్మదిగా, గంటల తరబడి కరెంటు ఇవ్వడానికి చేసినది. సెల్ఫ్ లాగే లాగుడుకు పనికిరాదు. కారు బ్యాటరీ కేజ్ వీల్స్ కుదుపులకు నిలవదు. ప్లేట్లు మార్చి రంగు వేసిన రిపేరు బ్యాటరీ చవకే కానీ, అది ఎన్నాళ్లు పనిచేస్తుందో అమ్మినవాడే చెప్పలేడు.

కొట్టులో మూడు సంగతులు గట్టిగా అడగాలి. మొదటిది, తయారైన నెల, సంవత్సరం. నెలల తరబడి చార్జి లేకుండా పడి ఉన్న బ్యాటరీ ప్లేట్ల మీద పొర పేరుకుంటుంది, కొన్న రోజు నుంచే బలం తగ్గి ఉంటుంది. రెండోది, వారంటీ. 36 నెలలు అన్నా, అందులో ఉచితంగా మార్చి ఇచ్చేది ఎన్ని నెలలో, వాడకం లెక్కగట్టి మిగతా ధర మన చేత కట్టించేది ఎన్ని నెలలో విడదీసి చెప్పించుకోవాలి. మూడోది, జీఎస్టీ బిల్లు, తేదీ వేసి ముద్ర కొట్టిన వారంటీ కార్డు. బిల్లు వద్దంటే కొంత తగ్గిస్తామన్న మాటకు ఒప్పుకోవద్దు. బిల్లు లేని రైతుకు రేపు అడిగే నోరుండదు. బిల్లు ఉంటే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. అయిదు లక్షల లోపు కొనుగోళ్లకు అక్కడ ఫీజు కూడా లేదు.

పాత బ్యాటరీని ఊరికే వదిలేయకూడదు. దాని బరువులో సగానికి పైగా సీసమే, ఆ సీసానికి ధర ఉంది. కొత్తదాని ధరలో పాతదానికి ఎంత తగ్గించారో విడిగా రాయించుకోవాలి. 2022లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను వెనక్కి సేకరించే బాధ్యత తయారీ కంపెనీలదే. పాతసామాన్లవాడికిస్తే యాసిడ్ ఏ బోదెలోనో పారబోస్తాడు. మన మంచినీళ్ల చెరువులు నింపుకునేది ఆ కాలవల నీళ్లతోనే. సీసం పసిపిల్లల మెదడును దెబ్బ తీసే విషం.

ఇక ప్రభుత్వాన్ని అడగవలసిన మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టరు మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కు, ట్రాక్టరు టైర్ల మీద 18 నుంచి 5కు తగ్గింది. మంచిదే. బ్యాటరీ మీద మాత్రం 28 నుంచి 18కి వచ్చి ఆగింది. పన్ను కాక అయిదు వేల రూపాయల బ్యాటరీ అనుకుంటే 900 రూపాయలు పన్ను. అదే 5 శాతమైతే 250. వ్యాపారి తాను కట్టిన పన్నును వెనక్కి రాబట్టుకుంటాడు, రైతుకు ఆ దారి లేదు. కొత్త ట్రాక్టరు కొనగలిగినవాడికి పన్ను తగ్గించి, పాతదాన్నే నెట్టుకొచ్చేవాడి దగ్గర 18 శాతం వసూలు చేయడం ఏం న్యాయం? టైరు లేనిదే ట్రాక్టరు కదలదు, బ్యాటరీ లేనిదీ కదలదు. ట్రాక్టరు బ్యాటరీని కూడా 5 శాతంలోకి తేవాలని మన సంఘం కోరుతోంది. రైతు సేవా కేంద్రాల్లో ప్రతి మే నెలలో బ్యాటరీ, చార్జింగ్ పరీక్షలు ఉచితంగా చేయాలని కూడా కోరుతోంది.

మండల శాఖలు ఈ రెండు కోర్కెల మీద తీర్మానాలు చేసి తహసీల్దార్లకు అందజేయాలి. ప్రభుత్వం కదిలేలోగా మన పని మనం చేద్దాం. ఊరికొక మల్టీమీటరు కొనుక్కుని, కాలవలు పారకముందే ప్రతి ట్రాక్టరునూ చూద్దాం. నలుగురైదుగురికి బ్యాటరీలు మార్చాల్సి వస్తే కలిసి వెళ్లి కలిసి బేరమాడదాం. ఒక్కడు అడిగితే వినని కొట్టువాడు అయిదుగురు అడిగితే వింటాడు.