తర్వాత సీరం ఎన్ని కిలోమీటర్లు?

మా చిన్నాయన కొడుకు, వాని జతగాళ్లు ముగ్గురు కలిసి లదాఖ్‌కి బండ్ల మీద పోవాలని ఏడాదిగా దుడ్లు కూడేస్తాండారు. ఇద్దరు బెంగళూరులో పని చేస్తారు, ఒకడు కళ్యాణదుర్గంలో మొబైల్ అంగట్లో ఉంటాడు, మావాడు ఇక్కడే కంబదూరులో. పంచరు కిట్టు, క్లచ్ కేబులు, చైన్ లూబు, రెయిన్ కోట్లు అంటూ పెద్ద చీటీ రాసుకున్నారు. పోయిన వారం రచ్చకట్ట మీద ఆ చీటీ నాకు చూపిచ్చి మావాడు అడిగినాడు. "అన్నా, పొయ్యేముందే కుక్క సూదులు ఏపిచ్చుకోవాలంటాండారు. నిజమా, ఉత్తమాటా? కుక్క కరవకముందే సూది యాందన్నా?"

పక్కన కూచున్న పెద్దాయన నవ్వినాడు. "బొడ్డు చుట్టూ పద్నాలుగు పొడిపిచ్చుకోని పోండి, లదాఖ్ కాదు, కళ్యాణదుర్గం గూడా పోలేరు" అన్నాడు.

ముందు ఆ పద్నాలుగు సూదుల భయం తీర్చేద్దాం. అది గొర్రె మెదడుతో చేసే పాత టీకా. 1911లో డేవిడ్ సెంపుల్ అనే ఆయన కసౌలిలో తయారుచేసినాడు. మన దేశం దాని తయారీని 2004 చివర్లోనే ఆపేసింది. ఇప్పటివన్నీ చేతికి వేసేవి. వాటిల్లో ఒకటి, అభయ్‌రాబ్, మన హైదరాబాద్ కంపెనీ ఇండియన్ ఇమ్యునలాజికల్స్‌దే. అయినా ఆ పద్నాలుగు సూదుల కత మాత్రం ఊర్లల్లో ఇంకా బతికే ఉండాది. కరిచినాక గూడా ఆస్పత్రికి పోకుండా పసరు పోపిచ్చుకోని కూచునేటోళ్లలో కొందరిని ఆపింది ఆ భయమే.

ఇంక పిల్లోళ్లు అడిగిన ప్రశ్న. అది నవ్వేది కాదు. కుక్కల మీద దేశమంతా మాట్లాడతాండే కాలమిది. 2025 ఆగస్టు 11న ఢిల్లీ చుట్టుపక్కల వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తోలమని సుప్రీంకోర్టు చెప్పింది. ఆగస్టు 22న ముగ్గురు జడ్జీల బెంచి దాన్ని మార్చి, ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలమనింది. పిచ్చి పట్టినవాటిని, మీద పడి కరిచేవాటిని మాత్రం వదలొద్దనింది. నవంబరు 7న బళ్లు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల నుంచి కుక్కల్ని తీసెయ్యమని ఇంకో ఆదేశం. టీవీల్లో కుక్కల పక్షం, మనుషుల పక్షం అని రెండుగా చీలి అరుచుకున్నారు. ఆ అరుపుల్లో ఒక మాట మునిగిపోయింది. కరిచినాక మనిషిని బతికిచ్చేది కోర్టు కాగితం కాదు, కడుక్కునే సబ్బు, టీకా, సీరం. అవి యాడ దొరుకుతాయి, ఎంత దూరంలో దొరుకుతాయి అని ఎవురూ అడగలేదు.

రేబిస్ ఎట్లా పని చేస్తుందో తెలిస్తేనే ఈ దూరం సంగతి అర్థమవుతుంది. కుక్క చొంగలోని వైరస్ గాయం గుండా నరాల్లోకి దూరి, మెల్లగా మెదడు దిక్కు ఎక్కుతుంది. మామూలుగా రెండు మూడు నెలలు పడుతుంది. కొందరికి వారం, కొందరికి ఏడాది. మెదడు చేరి, నీళ్లు చూస్తే గొంతు పట్టేసే దశ వచ్చిందంటే బతికినోళ్లు ప్రపంచం మొత్తంలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఆలోపల టీకా గెలవల్ల. అయితే టీకా వేసిన యెంటనే ఒంట్లో బలం రాదు, వారం పదిదినాలు పడుతుంది. ఆ సందులో కాపాడేదే ఇమ్యునోగ్లోబులిన్, ఆస్పత్రిలో సీరం అంటారు. చర్మం తెగి నెత్తురొచ్చిన కాటైతే టీకాతో పాటు ఈ సీరాన్ని గాయంలోనే, గాయం చుట్టూ ఎక్కియ్యాల. మొదటి టీకా పడి ఏడు దినాలు దాటినాక సీరం ఇచ్చినా ఫలం లేదు.

టీకా చాలా చోట్ల దొరుకుతుంది. సీరం అట్లా కాదు. పెద్దాస్పత్రికి పొమ్మని చీటీ రాసిస్తారు. చీటీ రాయడం డాక్టరుకు ఒక నిమిషం పని, పెద్దాస్పత్రికి పోవడం మనకు ఒక దినం పని.

ముందే సూది ఎందుకంటే దీనికోసమే. మన దేశం పద్ధతి ప్రకారం మూడు డోసులు, మొదటి దినం ఒకటి, ఏడో దినం ఒకటి, 21 లేదా 28వ దినం ఇంకొకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఆరోగ్యంగా ఉండేటోళ్లకు వారం ఎడంతో రెండుసార్లు చాలనింది. మీకు ఏది సరిపోతుందో డాక్టరే చెప్పల్ల. ఇవి పడినోన్ని రేపు కుక్క కరిస్తే సీరం అక్కరలేదు. కరిచిన దినం ఒకటి, మూడో దినం ఒకటి, రెండే రెండు సూదులు. ఏమీ వేసుకోనోనికైతే సర్కారు ఆస్పత్రి పద్ధతిలో నాలుగు తూర్లు తిరగాల, కరిచిన దినం, మూడో దినం, ఏడో దినం, 28వ దినం. దాని మీద సీరం.

ఇప్పుడు లదాఖ్ దారి చూడండి. మనాలి దాటినాక టాండీ పెట్రోలు బంకు కాడ, తర్వాత బంకు 365 కిలోమీటర్లకని ఒక బోర్డు ఉంటుందని బండ్లోళ్లందరికీ తెలుసు. దాని పక్కన నిలబడి ఫొటో దిగందే ఆ దారి పోయినట్టు కాదు. పెట్రోలు క్యాను కట్టుకొని పోయేది ఆ బోర్డు చూసే. తర్వాత సీరం ఎన్ని కిలోమీటర్లకని చెప్పే బోర్డు మాత్రం ఆ దారిలో లేదు, ఏ దారిలోనూ లేదు.

బండి మీద పోయేటోనికి ఇంకో చిక్కు ఉండాది. మన ఊర్లో కరిస్తే అది ఎవురి కుక్కో తెలుస్తుంది. పది దినాలు దాన్ని గమనిస్తే చాలు, అది బతికి బాగుంటే కరిచిన దినం దాని చొంగలో వైరస్ లేదని లెక్క, మిగిలిన సూదులు డాక్టరు ఆపేయొచ్చు. దారిలో కరిచిన కుక్క దారిలోనే ఉంటుంది, నువ్వు పొద్దుగూకేసరికి 300 కిలోమీటర్ల అవతల ఉంటావు. అదేమైందో నీకు ఎప్పటికీ తెలీదు.

కాబట్టి పిల్లోళ్లకు నేను చెప్పింది, ఏపిచ్చుకోండి అనే. కరిచినోళ్లకు సర్కారు ఆస్పత్రిలో ఉచితం గానీ, ముందస్తుగా కావాలంటే మామూలుగా బయట కొనుక్కోవాల్సిందే. మూడు డోసులకు వెయ్యి నుంచి పదైదు వందల లోపల ఐపోతుంది. వాళ్లు కొన్న హెల్మెట్ల మీది కెమెరా ఖరీదు దీనికి ఎన్ని రెట్లో నేను అడగలేదు.

అట్లని ముందే ఏసుకున్నాం కదా అని కరిచినా పట్టిచ్చుకోకుండా బండెక్కితే మొత్తం వృథా. ఆ రెండు సూదులూ పడాల్సిందే. కరిచిన యెంటనే పారే నీళ్లతో, సబ్బుతో 15 నిమిషాలు కడగాల్సిందే. కారం, సున్నం, పసుపు ఏదీ పూయగూడదు. డోసులు పడిన చీటీని ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోవాల, చీటీ లేకుంటే డాక్టరు నీ మాట నమ్మడు, నమ్మగూడదు గూడా. ఇంకో మాట, కుక్క బండెంట పడితే దాన్ని కాలితో తన్నబోయి పడేటోళ్లు ఉంటారు. ఆ పడినదానికి ఏ సూదీ లేదు. వేగం తగ్గిచ్చి, కాళ్లు ఫుట్‌రెస్ట్ మీదే పెట్టుకొని, నిమ్మళంగా దాటిపోండి.

ఇదంతా చెప్పి ఇంటికొచ్చినాక నాకు నిద్ర పట్టలేదు. లదాఖ్‌కి చెప్పిన లెక్కే కంబదూరుకు వేసి చూసుకున్నాను. మా మండలం ఇవతల కొన నుంచి నడిస్తే పావగడ, కర్ణాటక. అనంతపురం పెద్దాస్పత్రికి కళ్యాణదుర్గం మీదుగా బస్సులు మారి పోవాల. చెనిక్కాయ పంట పోయిన ఏడాది కూలికి బెంగళూరు పోయేటోళ్ల ఇండ్లల్లో ముసలోళ్లు, పిల్లోళ్లే మిగులుతారు. ఏడేండ్ల పిల్లోన్ని సందెవేళ కుక్క కరిస్తే ఆ అవ్వకు టాండీ ఒకటే, అనంతపురం ఒకటే.

జీవాలు తోలుకొని నెలల తరబడి ఊరు దాటి పోయేటోళ్లు ఉండారు. పొలాల్లో మంద వేసి, కుక్కలతో పాటే పండుకుంటారు. నక్కలు తిరిగే గుట్టల పక్కన ఉంటారు. రేబిస్ కుక్కదే కాదు, నక్క, పిల్లి, ముంగిస, కోతి, ఏది కరిచినా రావచ్చు. బండికి రెండు పక్కలా మూటలు కట్టుకొని చీరలు, ప్లాస్టిక్ సామాన్లు అమ్మేటోళ్లు దినానికి పది ఊర్లు తిరుగుతారు, ప్రతి ఊరి మొదట్లోనూ కొత్త కుక్కలు. లాంగ్ రైడ్ అనే మాట వాళ్ల నోట ఎప్పుడూ రాలేదు గానీ, లదాఖ్ పోయేటోడు పదైదు దినాల్లో పడే రిస్కు వాళ్లు ఏడాదంతా పడతాండారు.

బయటి దేశం నుంచి మన దేశానికి వచ్చేటోళ్లకు, కుక్కలకు దగ్గరగా ఉండి, వైద్యానికి దూరంగా తిరిగేటట్టుంటే ముందే టీకా ఏసుకోమని వాళ్ల డాక్టర్లు చెప్పి పంపుతారు. ఆ రెండు గుర్తులూ ఉండేది ఎవురికి? పెరూ దేశంలో అమెజాన్ అడవి ఊర్లల్లో నెత్తురు తాగే గబ్బిలాలు కరుస్తాయని, ఆస్పత్రులు దూరమని, ప్రభుత్వమే ముందుగా టీకాలు వేసింది. దూరాన్నే రోగంగా లెక్కగట్టింది.

మన లెక్కలు మాత్రం వేరే మాదిరి ఉంటాయి. 2024లో దేశంలో కుక్కకాట్లు 37 లక్షల పైన, రేబిస్‌తో పోయినారని అనుమానం ఉండేటోళ్లు 54 మంది అని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. భారత వైద్య పరిశోధన మండలి శాస్త్రవేత్తలు ఇల్లిల్లూ తిరిగి కట్టిన అంచనా ఏడాదికి 5,700 మందికి పైన. నూరింతలు తేడా! మంచంలో కట్టేసి, ఇంట్లోనే పోయినోళ్లు ఏ రిజిస్టరుకెక్కుతారు? 2025 జూన్‌లో ఉత్తరప్రదేశ్ బులంద్‌షహర్ కాడ ఒక కబడ్డీ ఆటగాడు పోయినాడు, కాలవలో పడిన కుక్కపిల్లను పైకి తీసేటప్పుడు వేలు కొరికింది, చిన్నగాయమని వదిలేసినాడు. వాడు ఆటగాడు కాబట్టి, వీడియో ఉండె కాబట్టి మనకు తెలిసింది.

2030 లోపల కుక్కల వల్ల వచ్చే రేబిస్‌ని లేకుండా చేస్తామని కేంద్రం 2021 సెప్టెంబరు 28న ప్రణాళిక ప్రకటించింది. దానికి కుక్కలకు టీకాలు వెయ్యాల, అది అసలు పని, కాదనను. అది అయ్యేలోపల నేను అడిగేది చిన్నదే. నియోజకవర్గానికి ఒక్క ఆస్పత్రిలోనైనా సీరం ఎప్పుడూ నిల్వ ఉండాల. లేని చోట్ల, యాడ ఉందో, ఎన్ని కిలోమీటర్లో గేటు కాడ పెద్దక్షరాలతో రాసిపెట్టాల. జీవాల కాపర్లకు, బండి మీద ఊరూరు తిరిగి అమ్మేటోళ్లకు ముందస్తు సూదులు ఉచితంగా వెయ్యాల.

పిల్లోళ్లు బయల్దేరే తేదీ ఇంకా ఐదు వారాలుంది, మూడు డోసులకు సరిపోతుంది. సోమవారం మొదటి డోసుకు కళ్యాణదుర్గం పోతాండారు. ఆ మాట విని జీవాలు కాసే మా మామ రాత్రి ఇంటికొచ్చి, "నాకు గూడా ఏస్తారా వాళ్లు? ఎన్ని దుడ్లైతాయి?" అని అడిగినాడు. బండి మీద వెనక సీటు ఒకటి ఖాళీ ఉండాదని చెప్పినాను.