రేపటి చిత్రము, ఎల్లుండి మరమ్మతు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దల మాట. నేడు కట్టకమునుపే ఇంటిని చూపు విద్య బాగుగా పెరిగినది. మేఘముల నంటు మేడలు, దేహమున ధరించు యంత్రములు కంప్యూటరు గీసిన చిత్రములలో మెరయుచు పత్రికల కెక్కుచున్నవి. అట్టి చిత్రములలో సాధారణముగా కానరానిది ఒక్కటే, అది కాలము. అందు గోడ మాయదు, గొట్టము కారదు, మనిషి ముసలివాడు కాడు. ఈ లోపమునకు తుదకు మూల్యము చెల్లించువాడు ఆ వస్తువును నమ్మి వాడుకొన్నవాడు.

టోక్యో నగరమందలి నకగిన్ క్యాప్స్యూల్ భవనము ఇందుకు నిదర్శనము. కిషో కురొకావా రూపకల్పన చేసిన ఈ భవనము 1972వ సంవత్సరమున పూర్తియైనది. జీవి పాత కణములను విడిచి క్రొత్తవానిని పొందునట్లే నగరమును తన్ను తాను మార్చుకొనవలెనని వాదించిన 'మెటబాలిజం' వర్గమునకు ఆయన చెందినవాడు. కర్మాగారమున తయారైన 140 చిన్న గదులను రెండు కాంక్రీటు గోపురములకు బోల్టులతో బిగించిరి. ఒక్కొక్క గది సుమారు 10 చదరపు మీటర్లు. మంచము, బల్ల, టెలిఫోను, స్నానపు గది అన్నియు అందులోనే అమర్చిరి. దాదాపు 25 ఏండ్లకొకమారు పాత గదిని తీసి క్రొత్తది తగిలింపవలెనని సంకల్పము.

ఆ మార్పు ఒక్కమారైనను జరుగలేదు. బోల్టు విప్పుట ఇంజనీరు పని. కాని గదులకు యజమానులు పలువురు. వారందరిని ఒక్క మాటపైకి తెచ్చుట, ధనము సమకూర్చుట ఏ ఇంజనీరు పనియు కాదు. చిత్రమున బోల్టునకు తావు దొరకినది, యజమానుల సమ్మతికి దొరకలేదు. గొట్టములు పాడై, గదులు శిథిలమై, 2022వ సంవత్సరము ఏప్రిలులో కూల్చివేత ఆరంభమయ్యెను. 23 గదులను మాత్రము భద్రపరచిరి. వానిలో నొకటి 2025వ సంవత్సరమున న్యూయార్కులోని ఆధునిక కళా ప్రదర్శనశాలలో ప్రదర్శింపబడెను. మార్పుకొరకు పుట్టిన గది ప్రదర్శనవస్తువై మిగిలినది.

భవనమునకు అర్ధశతాబ్ది పట్టిన ఈ కథ చేతి యంత్రములలో ఏడాదికే ముగియుచున్నది. అమెరికాలోని హ్యూమేన్ సంస్థ 2024వ సంవత్సరము ఏప్రిలులో 'ఏఐ పిన్' అను బిళ్ళను విపణిలోనికి తెచ్చెను. దానిని చొక్కాకు తగిలించుకొందురు. తెర లేదు, అడిగినదానికి బదులు పలుకును, అరచేతిపై కాంతితో అక్షరములు చూపును. ధర 699 డాలర్లు, ఆపై నెలకు 24 డాలర్ల చందా. 2025 ఫిబ్రవరిలో ఆ సంస్థ ఆస్తులలో పెక్కింటిని హెచ్‌పి సంస్థ 11.6 కోట్ల డాలర్లకు కొనుటకు ఒప్పందమాయెను. ఆ నెల 28వ తేదీతో పిన్నుల సేవ నిలిచిపోయెను. బిళ్ళ చెడలేదు, దాని ప్రాణము ఎక్కడనో ఉన్న సర్వర్లలో నుండెను. కొన్నవానికి దానిని బాగుచేసికొను దారియే లేకపోయినది.

అట్లని భావిచిత్రములనన్నిటిని నిరసింపరాదు. నకగిన్ భవనము లేచిన 1972వ సంవత్సరముననే అలన్ కే అను అమెరికను శాస్త్రజ్ఞుడు 'డైనాబుక్' అను ఊహను ప్రకటించెను. బాలబాలికలు వెంట తీసికొనిపోగల, పుస్తకమంత కంప్యూటరు అది. ఆయన తలచినట్లు అది ఎన్నడును తయారు కాలేదు. అయినను ఆ భావము తరువాతి ల్యాప్‌టాపులకు, ట్యాబ్లెట్లకు దారిచూపెను. డైనాబుక్ విద్వాంసుల ముందుంచిన ప్రశ్న. దానిని ఎవరును ఎవరికిని అమ్మలేదు. ప్రశ్న నెరవేరకున్నను లోకమునకు నష్టము లేదు. ధర కట్టి అమ్మిన వాగ్దానము తప్పినచో ఇల్లు పోవును, సొమ్ము పోవును.

వైజ్ఞానిక ప్రదర్శనలలో మన విద్యార్థులు ఏటేట రేపటి నగరములను అట్టముక్కలతో నిర్మించుచుందురు. ఆ ఉత్సాహమును ఉపాధ్యాయుడు చల్లార్చ నక్కరలేదు. ఇన్ని అంతస్తులలో నీటి గొట్టము పగిలినచో ఎవరు బాగుచేయుదురు, అందుకు సొమ్మెవరిది అని మాత్రము అడిగిన చాలును. ఆ ప్రశ్నకు బదులు వెదకు బాలుడు తన నగరమున ఒక మెట్లదారిని, ఒక మరమ్మతు కొట్టును చేర్చును. అప్పుడే ఆ నగరములోనికి మనుషులు వచ్చి చేరుదురు.