బందరంటే కోతి కాదండీ!

బంటుమిల్లిలో ఓ ఇల్లాలు ఇంటర్నెట్‌లో వ్యాపారం మొదలుపెట్టిందనుకుందాం. పక్కనే ఉన్న పెడన నుంచి కలంకారీ చీరలూ దుప్పట్లూ, బందరు నుంచి లడ్డూలూ తెప్పించి అమ్ముతుంది. గూగుల్‌లో ప్రకటన ఇవ్వడం పది నిమిషాల పని. అయితే, ఏ మాట టైపు చేసినవారికి అది కనిపించాలో కూడా ఆవిడే చెప్పాలి. ఆ మాటే కీవర్డ్. తిప్పలన్నీ అక్కడే!

ఆవిడ ఇంగ్లిషు అక్షరాల్లో ‘బందర్’ అని ఇచ్చిందనుకోండి. మనకది మచిలీపట్నం. పారశీకంలో రేవు. హిందీవాళ్లకు కోతి! ఇండోనేసియాలోనైతే జూదం నడిపేవాణ్ని కూడా అలాగే అంటారు. కోతి వీడియోలు వెతికే పిల్లాడికి లడ్డూ ప్రకటన కనిపిస్తుంది. సరదాకి నొక్కాడా, ఈవిడ డబ్బులు పోయినట్టే. నొక్కకపోయినా నష్టమే. ఎవరూ పట్టించుకోని ప్రకటనకు గూగుల్ నాణ్యత మార్కులు తగ్గిస్తుంది. అప్పుడు అదే చోటు కోసం ఎక్కువ చెల్లించాల్సి వస్తుంది.

మాటల్ని వేలం వేసే ఈ పద్ధతిని 1998లో అమెరికాలో బిల్ గ్రాస్ పెట్టిన గోటూ సంస్థ ప్రాచుర్యంలోకి తెచ్చింది. అక్కడ ఎక్కువ పాడినవాడిదే పైచోటు. గూగుల్ 2000లో యాడ్‌వర్డ్స్ మొదలుపెట్టి, 2002లో పాటతోపాటు జనం ఎంతమంది నొక్కుతున్నారన్నదీ లెక్కలోకి తీసుకుంది. చిన్న వ్యాపారికి కాస్త ఊపిరాడేది అందువల్లే. 2018 నుంచి దాని పేరు గూగుల్ యాడ్స్.

మరి ఏ మాట ఇవ్వాలి? అమ్మేవారి నోట్లో మాట కాదు, కొనేవారి నోట్లోది. బందరు లడ్డూనే చాలామంది తొక్కుడు లడ్డూ అంటారు. రెండూ ఇవ్వాలి. చిలకలపూడి నగల్ని మనం రోల్డుగోల్డంటే, ఇంకొకరు వన్ గ్రామ్ గోల్డని వెతుకుతారు.

కలంకారీ దగ్గర చిక్కు ఇంకా పెద్దది. పెడనలో టేకు అచ్చులతో, కరక్కాయ, పటిక వాడి, రంగు రంగుకీ ఉతికి ఆరబెట్టి అద్దుతారు. మిషను మీద డిజిటల్ ప్రింటు కొట్టిన బట్టనీ బజార్లో కలంకారీ అనే అమ్ముతున్నారు. ఉత్త ‘కలంకారీ చీర’ అన్న మాటకు పాడితే, చవకరకం కోసం వచ్చినవారు నొక్కి, ధర చూసి వెనక్కి పోతారు. క్లిక్కుకు 8 రూపాయలనుకున్నా, వందమంది అలా వచ్చిపోతే 800 గోవిందా! అచ్చు అద్దే పనివాడి కూలి ఆ ధరలోనే ఉంది, దాన్ని తగ్గించలేరు.

అందుకే వద్దనే మాటల జాబితా కూడా ఇవ్వాలి. నెగెటివ్ కీవర్డ్స్ అంటారు వాటిని. డిజిటల్ ప్రింట్, కోర్సు, ఉద్యోగాలు, కోతి బొమ్మలు... ఇవన్నీ అందులోకే. శ్రీకాళహస్తిలో కలంతో గీసే పని కోరి ‘పెన్ కలంకారీ’ అని వెతికేవారినీ వదిలేయడమే మర్యాద. ‘హోల్‌సేల్’ని మాత్రం తొందరపడి కొట్టేయకూడదు, దుకాణదారులు వెతికే మాట అది. ‘సహజ రంగుల బ్లాక్ ప్రింట్ దుప్పటి’ లాంటి పొడుగు మాటని వెతికేవారు కొద్దిమందే. కానీ వాళ్లకేం కావాలో వాళ్లకు తెలుసు.

జనం నిజంగా ఏం టైపు చేసి వచ్చారో చూపే నివేదిక ఒకటుంటుంది. అన్నీ కనిపించవుగానీ, మొదట్లో వారానికోసారైనా దాన్ని తిరగేయాలి. డాలస్‌లో ఉన్న బందరు అమ్మాయి సంక్రాంతికి తొక్కుడు లడ్డూ వెతకొచ్చు. అక్కడికి పార్సిల్ పంపగలిగితేనే అమెరికాని ప్రకటనలో కలపాలి. లేదంటే ఆ క్లిక్కూ దండగే.