పత్తిచేను నుంచి కాంగ్రెస్‌కు

అమెరికా ఎన్నికల్లో భారతీయ మూలాలున్నవారు ఎవరు నెగ్గినా మన టీవీలకు పండగే. తాతగారి ఊరేది, గుళ్లో కొబ్బరికాయలు ఎవరు కొట్టారు... ప్రతిసారీ అదే హడావుడి. అందులో దలీప్ సింగ్ సౌంద్ పేరు ఒక్కరి నోటా వినపడకపోవడం నాకు కష్టమనిపించింది. అసలు ఆ దారి వేసిందే ఆయన.

1899లో అమృత్‌సర్ దగ్గరి పల్లెలో పుట్టారు. అమెరికా వెళ్లి 1924లో బర్క్‌లీ యూనివర్సిటీలో గణితంలో డాక్టరేట్ తీసుకున్నారు. పట్టా ఉన్నా భారతీయుడికి తగిన ఉద్యోగం ఎవరిస్తారు? కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ లోయలో పత్తి తీసే కూలీల ముఠాకు మేస్త్రీగా కుదిరారు. తర్వాత సొంతంగా సాగు చేసి నష్టపోయారు. ఐపీ పెట్టి చేతులు దులుపుకోలేదు, ఏళ్ల తరబడి అప్పు తీర్చారు.

భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని 1923లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చేసింది. దాంతో కాలిఫోర్నియాలో సెంటు భూమి కొనే వీల్లేదు. సౌంద్ తోటివాళ్లను కూడగట్టి పోరాడారు. 1946లో చట్టం మారింది, 1949లో ఆయన పౌరుడయ్యారు. మరుసటేడు వెస్ట్‌మోర్లాండ్‌లో జడ్జిగా నెగ్గితే, పౌరుడై ఏడాది నిండలేదని పదవి ఇవ్వలేదు. 1952లో మళ్లీ నిలబడ్డారు. మీ కోర్టుకు రావాలంటే తలపాగాలు మీరిస్తారా, మేమే కొనుక్కోవాలా అని ఒకాయన అడిగితే, తల మీద ఏముందో నాకు పట్టదు, లోపల ఏముందన్నదే ముఖ్యమన్నారు. నెగ్గారు. 1956లో పేరూ డబ్బూ ఉన్న పైలట్ జాక్విలిన్ కాక్రాన్‌ను ఓడించి, అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్‌కు వెళ్లిన తొలి ఆసియన్ అమెరికన్ అయ్యారు. మూడుసార్లు నెగ్గారు. ఆయన్ను గెలిపించింది రక్తసంబంధం కాదు, పొలాల్లో ఆయన కష్టం చూసిన ఇరుగుపొరుగు ఓటర్లు.

మరి మన దగ్గర? గుంటూరులోనో వరంగల్‌లోనో పత్తి తీసే కూలీకి ఏ పార్టీ టికెట్ ఇస్తుంది? అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు ఎన్నికల సంఘం పెట్టిన పరిమితే 40 లక్షలు. లెక్కల్లోకి రానిది వేరే. ఇల్లందులో గుమ్మడి నర్సయ్య ఎమ్మెల్యేగా ఐదుసార్లు నెగ్గారు, సైకిలు మీదే తిరిగారు. అలాంటివాళ్లు ఇవాళ నామినేషన్ వేయడానికే జంకే పరిస్థితి తెచ్చింది పార్టీలే. డబ్బున్నవాడినే గెలుపు గుర్రమంటూ టికెట్లు కట్టబెడుతున్నాయి.

వచ్చే ఎన్నికల్లో ప్రతి పార్టీనీ నిలదీసి అడగాలి, కూలి చేసిన చేతులకు ఎన్ని టికెట్లిచ్చారని. ఆ ప్రశ్న అడగనంతకాలం సౌంద్‌ను మనవాడని చెప్పుకునే హక్కు మనకు లేదు.