లిబర్టీ పార్కు ఖాళీ జాగా కాదు

లిబర్టీ విగ్రహం ముందు నిలబడి దిగిన ఫొటోల కింద మనవాళ్లు న్యూయార్క్ అనే రాసుకుంటారు. విగ్రహం వీపు మాత్రం న్యూజెర్సీ వైపు ఉంటుంది. ఆ వీపు కనబడే ఒడ్డునే, రెండు వేల అడుగుల దూరంలో, లిబర్టీ స్టేట్ పార్క్ ఉంది. నీళ్లతో కలిపి 1,212 ఎకరాలు. అటు గట్టున మన్‌హట్టన్ మేడలు, ఇటు గట్టున గడ్డి. అంత ఖరీదైన నేల ఎదురుగా కనిపిస్తుంటే ఇక్కడ గడ్డి ఊరికే పెరగడం చాలామందికి మింగుడు పడదు. మా అబ్బాయికీ పడలేదు. "ఇంత జాగా ఖాళీగా పడుంది, ఓ స్టేడియం కడితే పోయేదేముంది నాన్నా?" అన్నాడు. వాడికి నేను చెప్పిన జవాబు పార్కింగు నుంచి కారు బయటికొచ్చేలోపే అయిపోయింది. చెప్పాల్సింది ఇంకా ఉంది.

నేను దక్షిణ మధ్య రైల్వేలో స్టేషన్ మాస్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. జెర్సీ సిటీలో కొడుకు ఇంటికి వచ్చినప్పుడల్లా ఈ పార్కు ఉత్తరపు కొసనున్న పాత స్టేషన్‌కి వెళ్తుంటాను. సెంట్రల్ రైల్‌రోడ్ ఆఫ్ న్యూజెర్సీ వాళ్లు 1889లో కట్టిన టెర్మినల్ అది. పట్టాలు నది ఒడ్డున ఆగిపోయేవి. అక్కడ దిగి ఫెర్రీ ఎక్కితే మన్‌హట్టన్. బాగా నడిచిన రోజుల్లో రోజూ 30 నుంచి 50 వేల మంది ఇందులోంచి రాకపోకలు సాగించారు. 1892 నుంచి పక్కనే ఎల్లిస్ ద్వీపంలో దిగిన వలస జనంలో ఎందరో ఈ హాల్లోకే వచ్చి, మూటాముల్లె పక్కన పెట్టుకుని, పెన్సిల్వేనియా గనులకో ఇంకా పడమటి ఊళ్లకో బండెక్కారు. అట్లాంటిక్ సిటీకి వెళ్లే నీలం రంగు బండి బ్లూ కామెట్ 1929 నుంచి 1941 దాకా ఇక్కణ్ణుంచే బయల్దేరేది.

నన్ను కట్టిపడేసేది హాలు కాదు, దాని వెనకున్న షెడ్డు. 1914లో వేసిన ఆ షెడ్డు కింద ఇరవై లైన్లు. మన పెద్ద స్టేషన్లలోలా ఎత్తయిన ఇనుప కప్పు కాదు, ఎత్తు తక్కువ కాంక్రీటు పలక. ప్రతి లైను పైనా పలకలో పొడుగాటి చీలిక విడిచారు. ఆవిరి ఇంజను పొగగొట్టం సరిగ్గా ఆ చీలిక కిందికి వస్తుంది. పొగ నేరుగా ఆకాశంలోకి పోతుంది, ప్లాట్‌ఫాం మీద నిలబడ్డవాడి మొహాన మసి పడదు. అబ్రహాం లింకన్ బుష్ అనే ఇంజనీరు పనితనం అది. బొగ్గు ఇంజన్ల కాలం చూసినవాళ్లకు ఆ చీలిక విలువ తెలుస్తుంది. 1967లో రైళ్లు ఆగిపోయాయి, ఆ ఏడే కంపెనీ దివాళా తీసింది. హాలును బాగుచేశారు గానీ షెడ్డు లోపలికి ఎవరినీ రానివ్వరు. స్తంభాలకు తుప్పు, పట్టాల మధ్య మొక్కలు పెరిగి చెట్లయ్యాయి. జాలీ అవతలి నుంచి చూడాల్సిందే. స్టేడియానికి లెక్కలు వేసేవాళ్లు ముందు ఈ షెడ్డు మరమ్మతుకు లెక్క వేస్తే బాగుండునని నా గొడవ.

మిగిలిన నేల చరిత్ర కూడా పూలబాట కాదు. చాలాభాగం అసలు నేలే కాదు, అఖాతంలో చెత్త, ఓడల బరువు రాళ్లు, బొగ్గు బూడిద పోసి రైల్వే కంపెనీలు పూడ్చింది. దక్షిణపు కొసన ఇప్పుడు కుటుంబాలు టిఫిన్ డబ్బాలు విప్పుకునే చోట ఒకప్పుడు బ్లాక్ టామ్ అనే సరుకుల రేవు ఉండేది. 1916 జూలై 30 తెల్లవారుజామున రెండు దాటాక, మిత్రరాజ్యాలకు పంపడానికి అక్కడ పేర్చిన మందుగుండు పేలింది. జర్మన్ గూఢచారుల పనని తర్వాత తేల్చారు. మన్‌హట్టన్‌లో కిటికీ అద్దాలు రాలాయి, ఫిలడెల్ఫియా దాకా అదురు తెలిసింది. లిబర్టీ విగ్రహం చెయ్యి దెబ్బతింది. దివిటీ దాకా జనాన్ని ఎక్కనివ్వడం ఆనాటి నుంచే మానేశారు. మనవాళ్లు కిరీటం దాకా వెళ్లి వెనక్కి రావడానికి మూలం ఈ పిక్నిక్ బల్లల దగ్గరుందని చెబితే మా కోడలు నమ్మలేదు, అక్కడి బోర్డు చదివాక నమ్మింది.

రైళ్లు పోయాక ఇక్కడ మిగిలింది తుప్పు, చెత్తకుప్పలు. దాన్ని పార్కు చేయమని పట్టుబట్టింది ప్రభుత్వం కాదు, జెర్సీ సిటీ జనం. మోరిస్ పెసిన్ అని ఒకాయన 1957లో పెళ్లాం పిల్లలతో విగ్రహం చూడ్డానికి బయల్దేరాడు. సొంత ఊరి ఒడ్డున నిలబడితే కనిపించే విగ్రహానికి న్యూయార్క్ మీదుగా చుట్టూ తిరిగి చేరేసరికి దాదాపు మూడు గంటలు పట్టింది. మరుసటేడు ఒక విలేకరిని చిన్న పడవలో కూర్చోబెట్టుకుని ఇదే ఒడ్డు నుంచి తెడ్డు వేశాడు. ఎనిమిది నిమిషాల్లో చేరాడు. వినతిపత్రం రాసుంటే ఏ బల్లసొరుగులోనో పడుండేది. ఆడ్రీ జాప్, ఆకాశహర్మ్యాలకు నమూనాలు చేసే థియోడర్ కాన్రాడ్ లాంటివాళ్లు జతకలిశారు. 1965లో నగరం 156 ఎకరాలు రాష్ట్రానికి రాసిచ్చింది. స్వాతంత్ర్యానికి రెండు వందల ఏళ్ల పండుగ జరిగిన 1976లో, జూన్ 14న పార్కు తలుపులు తెరుచుకున్నాయి.

ఇప్పుడు అక్కడికి వెళ్లి ఏం చేస్తారంటే, ఎవరిష్టం వాళ్లది. ఒడ్డు వెంబడి లిబర్టీ వాక్ అనే బాట ఉంది, మా వయసువాళ్లకు చాలినంత నడక. గాలిపటాలు, సైకిళ్లు, గేలాలు. 1993 నుంచి లిబర్టీ సైన్స్ సెంటర్ ఉంది, బడి పిల్లల బస్సులు అక్కడ ఆగుతాయి. విగ్రహానికి, ఎల్లిస్ ద్వీపానికి ఫెర్రీ ఇక్కడే ఎక్కొచ్చు, న్యూయార్క్ రేవు క్యూ తప్పుతుంది. దానికి టికెట్ ఉంది గానీ పార్కులోకి లేదు. టెర్మినల్ పక్కన 2011లో రెండు స్టీలు గోడలు నిలబెట్టారు. సెప్టెంబరు 11 దాడుల్లో పోయిన న్యూజెర్సీవాళ్ల పేర్లు, ఏడువందల నలభైకి పైగా, వాటి మీద చెక్కారు. గోడల మధ్య నడుస్తూ చూస్తే, ఒకప్పుడు జంట భవనాలున్న చోటే ఎదురుగా కనిపిస్తుంది. అక్కడ మాత్రం మా మనవడు కూడా పరుగెత్తడు.

ఈ పార్కు మీద కన్నుపడ్డ పథకాల జాబితా పొడుగే. మధ్యలో గోల్ఫ్ కోర్సు అన్నారు, టికెట్ల వాటర్ పార్క్ అన్నారు, విలాస నౌకలకు మెరీనా అన్నారు. పాత బాకీవాడిలా ఒకడు పోతే ఇంకొకడు తలుపు తడతాడు. అన్నింటికన్నా విడ్డూరం కేవెన్ పాయింట్ సంగతి. దక్షిణాన సహజంగా మిగిలిన ఇసుక తీరం, ఇరవై ఎకరాల పైచిలుకు. పక్షులు గూళ్లు కట్టే నెలల్లో అందులోకి మనుషుల్ని వెళ్లనివ్వరు. పక్కనున్న లిబర్టీ నేషనల్ గోల్ఫ్ క్లబ్ తన మూడు గుంతల కోసం దాన్ని లీజుకు అడిగింది. పెసిన్ కొడుకు శామ్ పెసిన్, ఫ్రెండ్స్ ఆఫ్ లిబర్టీ స్టేట్ పార్క్ సంఘం, ఊరి జనం కలిసి అడ్డుపడ్డారు కాబట్టి ఆగింది. 2022లో రాష్ట్రం పార్కుకు 5 కోట్ల డాలర్లు కేటాయించి, ఏం కట్టాలో తేల్చడానికి ఒక బృందాన్ని వేసింది. దాంతో స్టేడియం, కచేరీల వేదిక మాటలు మళ్లీ మొదలయ్యాయి.

నా వాదన ఒక్కటే. పార్కు నడిబొడ్డున రెండు వందల ఎకరాలకు పైగా నేల కలుషితమై, పదుల ఏళ్లు కంచె వెనకే ఉండిపోయింది. పాడు చేసింది రైళ్లూ ఫ్యాక్టరీలూ. దాన్ని బాగుచేసి, వాగులూ గడ్డిబీళ్లూ తిరిగి తేవడం జనం తరఫున ప్రభుత్వం నెత్తినేసుకున్న పని. శుభ్రమయ్యాక గేటు పెట్టి టికెట్ అమ్ముకునే హక్కు ఇంకెవరికో ఎలా వస్తుంది?

అవతలివాళ్ల మాటలోనూ న్యాయం లేకపోలేదు. పార్కు పక్కనున్న బర్గెన్-లఫాయెట్, గ్రీన్‌విల్ పేటల్లో ఎక్కువగా నల్లజాతి కుటుంబాలు, చేతిలో డబ్బు ఆడని ఇళ్లు. వాళ్ల పిల్లలకు ఆడుకునే మైదానాలు చాలవు. పక్షుల పేరు చెప్పి ఆ పిల్లల్ని రోడ్డు మీద ఆడుకోమనడం నాకు నచ్చదు. మన కుర్రాళ్లు వారాంతాల్లో క్రికెట్‌కి జాగా లేక పడే పాట్లూ చూస్తూనే ఉన్నాను. మైదానం వేరు, స్టేడియం వేరు. మైదానానికి నేల చదునుచేసి గీతలు గీస్తే చాలు, ఆట అయిపోతే మళ్లీ గడ్డే. స్టేడియం వస్తే పార్కింగ్, ఫ్లడ్‌లైట్లు, కచేరీ రాత్రుల ట్రాఫిక్ వెంటపడి వస్తాయి. ఆ పేటల పిల్లలు మాత్రం గేటు బయటే ఉంటారు.

ఈ రోగం అమెరికాదే అనుకోవద్దు. హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కు చుట్టూ ఫ్లైఓవర్ల కోసం చెట్లు కొట్టాలన్న మాట 2016లో వచ్చింది, జనం రోడ్డెక్కారు, ఈమధ్య ఇంకో పేరుతో మళ్లీ వచ్చింది. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో బుల్‌డోజర్లు దిగితే విద్యార్థులు అడ్డం నిలబడ్డారు, సుప్రీంకోర్టు ఆపింది. అక్కడా ఇక్కడా వాదన ఒకటే: ఊరికే పడున్న జాగా కదా!

జెర్సీ సిటీలో ఇన్నివేల తెలుగు కుటుంబాలున్నాయి. బర్త్‌డేలకూ వనభోజనాలకూ ఈ గడ్డి మీదికే వస్తారు. పార్కు మీద బహిరంగ విచారణ పెడితే మాత్రం మనవాళ్లు ఒక్కరూ మైకు పట్టుకోరు. మా అబ్బాయితో చెప్పాను: ఈసారి విచారణ పెడితే వెళ్లి మాట్లాడు, పేటల పిల్లలకు మైదానాలు అడుగు, క్రికెట్‌కి ఒక పిచ్ అడుగు, కేవెన్ పాయింట్ జోలికి పోవద్దని చెప్పు, పార్కులో ఎక్కడా కొత్తగా టికెట్ కౌంటర్ తెరవొద్దని చెప్పు. షెడ్డు సంగతి కూడా ఒక ముక్క వెయ్యమన్నాను. "అది మీ సొంత గోల నాన్నా" అన్నాడు. అయితే ఏం, వెయ్యమన్నాను.