జ్వరమూ, రక్తం రిపోర్టూ

2021 మే నెల గుర్తుందా? కరోనా రెండో విడత. కాస్త ఒళ్లు వెచ్చబడితే చాలు, సీఆర్పీ, డీ-డైమర్ అంటూ ల్యాబుల ముందు జనం. లక్షణాలు తేలికగా ఉండి ఆక్సిజన్ బాగుంటే ఇవి అక్కర్లేదని అప్పట్లోనే ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టర్ డాక్టర్ రణదీప్ గులేరియా చెప్పారు. విన్నవాళ్లు తక్కువ.

సీఆర్పీ అనేది లివరు తయారుచేసే ప్రొటీను. ఒంట్లో ఎక్కడ వాపున్నా పెరుగుతుంది, పంటి చీముకైనా సరే. డీ-డైమర్ అంటే గడ్డకట్టిన రక్తం కరిగేటప్పుడు మిగిలే ముక్క. గర్భిణులకీ, పెద్దవాళ్లకీ మామూలుగానే ఎక్కువ ఉంటుంది. పైగా ఒక ల్యాబు 500 లోపు ఉండాలని రాస్తే ఇంకోటి 0.5 అని రాస్తుంది. కొలతే వేరు, సంగతి ఒకటే. అది తెలీక హడలిపోతాం.

అసలు భయం వేరే ఉంది. ఊక దుమ్ములో, పత్తి దుమ్ములో పనిచేసే మనకి దగ్గు కొత్త కాదు. దాంతో ఆయాసాన్ని కూడా దుమ్ము మీదకే నెట్టేస్తాం. జ్వరంతో పాటు నాలుగడుగులకే ఆయాసమొచ్చినా, వేలికి పెట్టే మీటరులో ఆక్సిజన్ 94 కంటే తగ్గినా రిపోర్టు కోసం ఆగొద్దు. రాయచూరు రిమ్స్‌కో, దగ్గర్లోని పెద్దాసుపత్రికో వెంటనే వెళ్లండి. అక్కడ డాక్టరుకి ఈ పరీక్షలు నిజంగా పనికొస్తాయి: సీఆర్పీ రోజురోజుకీ పెరుగుతోందా, తెల్లకణాల్లో లింఫోసైట్లు తగ్గుతున్నాయా అని చూస్తారు. పాత రిపోర్టులుంటే పారేయకుండా వెంట తీసుకెళ్లండి.